చీట్ అనాలా, హుడ్‌వింక్ అనాలా?

కందుకూరులో పొగాకు బేలు పైన మంచి ఆకు పేర్చి, లోపల నాసిరకం కుక్కారనుకోండి. మోసగించడానికి ఇంగ్లీషులో ఉన్న చీట్ (cheat), హుడ్‌వింక్ (hoodwink) అనే రెండు మాటల్లో దీనికి హుడ్‌వింక్ సరిగ్గా అతుకుతుంది. హుడ్ అంటే తలకు తొడిగే ముసుగు. వింక్ అంటే అప్పట్లో కన్నుకొట్టడం కాదు, కళ్లు మూసుకోవడం. 16వ శతాబ్దంలో ఈ మాట అచ్చం మన కళ్లకు గంతలు కట్టడమే!

చీట్ కథ వేరు. పాత ఇంగ్లండ్‌లో వారసుల్లేని భూమి ప్రభువుకు చేరడాన్ని ఎస్చీట్ (escheat) అనేవారు. ఆ పేరుతో అధికారులు చేసిన అక్రమాల వల్ల చీట్ అంటే మోసమైంది.

చీట్: అందరికీ తెలుసు, కానీ బరువైన నింద. 420 సెక్షన్ (ఇప్పుడు 318) గుర్తొస్తుంది.
హుడ్‌వింక్: స్పెల్లింగ్ కాస్త టెన్షన్, నింద మెత్తన.

డబ్బు పోయి స్టేషన్‌లో అర్జీ ఇస్తుంటే చీట్ రాయండి. ఏమార్చి సరుకు అంటగట్టారని చెప్పాలంటే హుడ్‌వింక్. నాకైతే ఇదే ఇష్టం.