బ్యూనస్ ఐరిస్‌లో టాంగో పాటల వెంట నాలుగు రోజులు

టాంగో అంటే డాన్సే అనుకునేదాన్ని, స్పానిష్ క్లాసులో పాటల అర్థాలు తెలిశాక పిచ్చి పట్టింది, అందుకే అర్జెంటీనా వెళ్ళినప్పుడు పాటల్లో వినబడే చోట్లకే మా ఆయన్ని లాక్కుపోయా.

బస శాన్ టెల్మోలో. పాత మేడ, ఎత్తు సీలింగులు, చూడ్డానికి భలే ఉంది గానీ జూలై చలికి హీటర్ చాల్లేదు, చెప్తే ఇంకో దుప్పటి ఇచ్చి ఊరుకున్నారు. ఆదివారం సంత మాత్రం గుమ్మం ముందే.

ముందు 'కామినీతో' అనే వీధికి వెళ్ళాం. 1926 నాటి పాట పేరే ఆ వీధికి పెట్టారు. కవి రాసింది మాత్రం ఎక్కడో లా రియోహా రాష్ట్రంలోని ఓ కాలిబాట గురించట. పాటలో అది కాలం చెరిపేసిన దారి, ఒకప్పుడు మనిద్దర్నీ చూసిన దారి అంటాడు. ఇక్కడేమో రంగులేసిన రేకుల ఇళ్ళు, ఫోటోకి డబ్బులడిగే డాన్సర్లు. గంట చాలు.

టాంగో డిన్నర్ షో దండగ అనిపించింది. కాళ్ళు విసరడమే తప్ప పాటలు రెండో మూడో, శాకాహారినని ముందే చెప్పినా నా ప్లేటులో ఆకులే!

అబాస్తో పేటలో టాంగో గాయకుడు కార్లోస్ గార్దెల్ వాళ్ళమ్మతో ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం, చిన్నదే, కానీ నాకు ఎక్కువ నచ్చింది అదే. 1917లో ఆయన పాడిన 'మి నోచె త్రిస్తె'తోనే టాంగోలో విరహం కథగా మొదలైందంటారు. అందులో ప్రియురాలు వదిలేసినవాడు తనకేమైందో కొంతే చెప్తాడు, మిగతాదంతా గది చెప్తుంది. గిటార్ బీరువాలో వేలాడుతూనే ఉంటుంది ఎవరూ వాయించరు, అద్దం మసకబారి ఏడ్చినట్టుంటుంది, దీపం కూడా వెలగనంటుంది. మన పాటల్లో చందమామకీ మేఘానికీ చెప్పుకునే బాధని వీళ్ళు అద్దెగది సామాన్లకి చెప్పుకున్నారు. ఇంకో పాటలో గుర్రం ఒక్క తల తేడాతో ఓడిపోతుంది, ప్రేమ కూడా అంతే అంటాడు, మలక్‌పేట రేసుల సంగతి తెలిసిన మా ఆయనకి అది వెంటనే ఎక్కింది.

బొయెదో పేటలో మెట్రో దిగితే శాన్ హువాన్ వీధి మూలే, 1948లో ఒమెరో మాన్సీ రాసిన 'సుర్' పాట మొదలయ్యేది అక్కడే. చూడ్డానికేం లేదు, ట్రాఫిక్ సిగ్నలూ బస్సులూ అంతే. ఆ పాటలో వాడికి కావాల్సింది పిల్ల ఒక్కతే కాదు, ఆ పిల్ల కోసం తను షాపు అద్దానికి ఆనుకుని ఎదురుచూసిన పేట మొత్తం. అందుకే ఆ మూల మీద కాఫీ తాగుతూ ఇయర్‌ఫోన్స్‌లో పాట వినండి, టికెట్ కొని చూసిన షో కంటే నయం.

చివరి రోజు చకరీతా శ్మశానం. 1935లో విమాన ప్రమాదంలో పోయిన గార్దెల్ సమాధి అక్కడే, నవ్వుతున్న కంచు విగ్రహం, వేళ్ళ మధ్య అభిమానులు వెలిగించి పెట్టే సిగరెట్. అబాస్తో నుంచి మెట్రో బి లైన్‌లో నేరుగా వెళ్ళొచ్చు, ముందే సూబె కార్డు (అక్కడి మెట్రో, బస్సుల కార్డు) కొనుక్కోండి, పూలు గేటు బయటే దొరుకుతాయి.