గెస్ట్‌గా గోల్ఫ్ క్లబ్బుకి వెళ్తే ప్యాంటు మేలా, షార్ట్స్ మేలా?

స్నేహితుడో, ఆఫీసులో పై అధికారో తన ప్రైవేటు గోల్ఫ్ క్లబ్బులో ఆడటానికి రమ్మంటారు. పిలుపు అందుకున్నవాళ్లు ఆ తర్వాత నన్ను అడిగేవి దాదాపు ఎప్పుడూ రెండే ప్రశ్నలు. షార్ట్స్ వేసుకోవచ్చా? గెస్ట్ ఫీజు ఎవరివ్వాలి? విడివిడిగా ఎంతమందికి చెప్పానో గుర్తు లేదు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. పబ్లిక్ కోర్సు సంగతి వేరు. అక్కడ డబ్బూ మనదే, బట్టలూ మనవే, ఎవరైనా ఏమైనా అంటే పడేదీ మనమే. మెంబర్ పేరు చెబితే తప్ప గేటు దాటలేని క్లబ్బుల గురించే ఇక్కడి మాట.

నా మొగ్గు పొడుగు ప్యాంటు వైపే. అలాగని షార్ట్స్ తరఫు వాదన తీసిపారేసేది కాదు. పూర్తి ఆటకి ఉండే 18 హోల్స్ నడిస్తే ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు అవుతుంది, అదీ నాలుగు గంటల పైచిలుకు ఎండలో. పొద్దున్నే టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) దొరికితే ఇంకో తంటా. గడ్డి మీద మంచుకి ప్యాంటు అంచులు రెండు మూడు హోల్స్‌కే తడిసి చీలమండలకి అతుక్కుంటాయి. ఆ తడి మీద బంకర్ (కోర్సులోని ఇసుక గుంట) ఇసుక, కోసిన గడ్డి పరకలు. తొమ్మిదో హోల్ దగ్గర కిందికి చూసుకుంటే మనకే బాగుండదు. షార్ట్స్ వేసుకున్నవాడు ఆ సమయానికి పిక్కలు తుడుచుకుని హాయిగా ఉంటాడు.

కాలం కూడా షార్ట్స్ వైపే నడుస్తోంది. ప్రొఫెషనల్ పోటీలు నడిపే యూరోపియన్ టూర్ 2016లో ప్రాక్టీస్ రౌండ్లలో, ప్రో-యామ్‌లలో (ప్రొఫెషనల్స్ మామూలు ఆటగాళ్లతో కలిసి ఆడే రౌండ్లు) షార్ట్స్‌కి తలుపు తెరిచింది. 2019లో అమెరికాలోని పీజీఏ టూర్ కూడా అంతవరకే ఒప్పుకుంది, అసలు పోటీలో మాత్రం పొడుగు ప్యాంటే అంది. 2022లో వాటికి పోటీగా వచ్చిన లివ్ గోల్ఫ్ లీగ్ ఆ గీత కూడా చెరిపేసి పోటీలోనే వేసుకోమంది. టీవీలో ఇవన్నీ చూసినవాళ్లు "వాళ్లకే లేని పట్టింపు మాకెందుకు?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే టూర్ ఆటగాడు తన తరఫున తానే ఆడుతున్నాడు, మనం ఇంకొకరి పేరు మీద లోపలికి వెళ్తున్నాం. నా దృష్టిలో మొత్తం తేలేది ఇక్కడే.

మాట పడేది ఎవరు?

గెస్ట్ బట్టల్లో తేడా వస్తే చాలా క్లబ్బుల్లో గెస్ట్‌ని ఎవరూ ఏమీ అనరు. ఆట మొదలుపెట్టించే స్టార్టరో, క్లబ్బు సెక్రటరీయో చిరునవ్వుతో పలకరించి పంపేస్తారు. ఆ తర్వాత మెంబర్‌ని పక్కకి పిలిచి చెప్తారు, లేదా మర్నాడు ఆయనకి ఒక మెయిల్ వెళ్తుంది. గెస్ట్ ప్రవర్తనకి, దుస్తులకి, బకాయికి మెంబర్‌దే బాధ్యత అని సాధారణంగా క్లబ్బు నియమాల్లోనే రాసి ఉంటుంది. మనం రౌండ్ బాగా ఆడామన్న సంతోషంలో ఇంటికి వెళ్తాం, ఆయన మన నిక్కరు గురించి కమిటీలో తోటివాళ్లకి సంజాయిషీ చెప్పుకుంటుంటాడు. మనకి ఆ విషయం ఎప్పటికీ తెలియకపోవచ్చు కూడా, మళ్లీ పిలుపు రాదంతే. అందుకే వేసుకోవచ్చా, కూడదా అన్న ప్రశ్న కంటే, అనుమానం వస్తే జవాబు చెప్పుకోవాల్సింది ఎవరన్నది నాకు పెద్దది. ఇస్త్రీ చేసిన పొడుగు ప్యాంటు మీద ఏ క్లబ్బులోనూ అనుమానం రాదు.

షార్ట్స్‌కి "సరే" అనే క్లబ్బులు ఇప్పుడు చాలా ఎక్కువే. కానీ ఆ సరేకి తోక పొడుగు. మోకాలికి కాస్త పైన ఆగాలి, మరీ పైకి పోకూడదు. బెల్టు పెట్టుకునే లూపులుండాలి, నాడా ఉండకూడదు. తొడల పక్కన పెద్ద జేబులున్న కార్గో రకం పనికిరాదు. సాక్సుల దగ్గరే ఒక్కో క్లబ్బుది ఒక్కో దారి. కొన్నిచోట్ల మోకాలి దాకా లాగిన సాక్సు కావాలనేవారు, కొన్ని తెల్ల యాంకిల్ సాక్సుతో సరిపెట్టుకుంటాయి, బూటులో కనపడకుండా దాక్కునే పొట్టి సాక్సుని ఒప్పుకోనివీ ఉన్నాయి. ఇన్ని షరతులు మెంబర్‌కి నోటికొచ్చు, మనకి రావు.

ఇంకోటి, క్లబ్బంటే కోర్సు ఒక్కటే కాదు. ప్రాక్టీస్ గ్రీన్, బార్, టెర్రస్, భోజనాల గది ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో నియమం. కోర్సు మీద చెల్లిన షార్ట్స్ భోజనాల గది గుమ్మం దగ్గర చెల్లకపోవచ్చు. స్కాట్లాండ్‌లో మ్యూర్‌ఫీల్డ్ దీనికి పేరుపడ్డ ఉదాహరణ. 1744 నాటి గోల్ఫ్ సంఘం వాళ్ల కోర్సు అది. పొద్దున నలుగురూ ఎవరి బంతి వాళ్లు, మధ్యాహ్నం జంటకొక బంతి, ఆ రెండింటి మధ్య కోటూ టై కట్టుకుని తీరిగ్గా భోజనం. అక్కడి సంప్రదాయం అది. అలాంటి చోట ప్యాంటు వేసుకున్నవాడు బూట్లు మార్చి కోటు తగిలించుకుంటే పని అయిపోతుంది. షార్ట్స్ వాడు మొత్తం మార్చుకోవాలి, ఆలోగా హోస్ట్ హాల్లో నిలబడి ఎదురుచూడాలి.

ప్యాంటుకున్న కష్టాల్లో సగం బట్ట ఎంచుకోవడంలో తీరిపోతాయి. పల్చగా, సాగే గుణం ఉన్నవి ఇప్పుడు దొరుకుతున్నాయి. బూడిద రంగో, నేవీ బ్లూనో మేలు. ఖాకీ మీద బురద చుక్క దూరం నుంచే కనబడుతుంది, తెల్లది వానలో తడిస్తే ఇక చెప్పక్కర్లేదు. అంచు బూటు మీద ఒక్క మడత పడే పొడుగే ఉండాలి, నేలకి రాసుకుంటే గడ్డి మీది మంచు మొత్తం అదే పీల్చుకుంటుంది.

మరి షార్ట్స్ ఎప్పుడు? హోస్ట్ తనే వేసుకుంటున్నప్పుడు. ఇక్కడ అడిగే తీరు కూడా ముఖ్యం. "షార్ట్స్ వేసుకోవచ్చా?" అని అడిగితే పిలిచినవాళ్లు మొహమాటానికైనా "ఫర్లేదు, వేసుకో" అంటారు. "నువ్వేం వేసుకుంటున్నావ్?" అని అడగండి, నిజం తెలుస్తుంది. ఆయన "నేను ప్యాంటులోనే వస్తా, నీ ఇష్టం" అన్నాడంటే మన ఇష్టం కూడా తేలిపోయినట్టే. క్లబ్బు వెబ్‌సైట్‌లో డ్రెస్ కోడ్ ఉంటే ముందు అది చదివి తర్వాత ఆయన్ని అడగడం ఇంకా పద్ధతి. అదీ కుదరకపోతే క్లబ్బులో గోల్ఫ్ సామాను అమ్మే ప్రో షాపుకి ఫోన్ చేయొచ్చు. రోజూ ఇవే ప్రశ్నలు వినేవాళ్లు, విసుక్కోరు.

కాలరా, మాక్ నెక్కా, హుడీయా?

ఇందులో పెద్దగా ఆలోచించాల్సింది లేదు, కాలరున్న పోలో వేసుకోండి. కాలరు లేకుండా మెడ చుట్టూ పట్టీ మాత్రమే నిలబడే మాక్ నెక్‌తోనే 2005లో టైగర్ వుడ్స్ అమెరికాలోని ఆగస్టా నేషనల్ క్లబ్బులో మాస్టర్స్ పోటీ గెలిచాడు, నిజమే. చాలా క్లబ్బులు ఇప్పుడు దాన్ని పట్టించుకోవు కూడా. కానీ మీరు వుడ్స్ కాదు, గెస్టు. 2020లో ఇంగ్లండ్ ఆటగాడు టిరెల్ హ్యాటన్ హుడీలో బీఎండబ్ల్యూ పీజీఏ చాంపియన్‌షిప్ గెలిస్తే, ఇంగ్లండ్‌లో ఒక క్లబ్బు తమ దగ్గర హుడీలు కుదరవని మెంబర్లకి చెప్పుకోవాల్సి వచ్చింది. చలిగా ఉంటే వీ-నెక్ స్వెటర్ చాలు. పెద్ద అక్షరాలున్నవి మాత్రం వద్దు. 2024 మాస్టర్స్‌లో జేసన్ డే వేసుకున్న వెస్టు (చేతుల్లేని పై కోటు) మీద పెద్ద రాతలుంటే దాన్ని తీసేయమని అడిగారు. 2015లో పీజీఏ చాంపియన్‌షిప్ గెలిచినవాడికే ఆ మాట తప్పలేదు.

టక్ విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పోలో పొడుగు చూసి కొనండి. డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద కర్ర) ఊపిన ప్రతిసారీ చొక్కా ఒక పక్క బయటికి లాక్కొస్తుంది, పొట్టిదైతే మూడో హోల్‌కే నడుము దగ్గర సంచిలా వేలాడుతుంది. ప్రతి హోల్ మొదలుపెట్టే చోట వీపు వెనక చెయ్యి పెట్టి సర్దుకునే అవస్థ చూసేవాళ్లకీ చిరాకే. టోపీ అంచు ముందుకే ఉండాలి, క్లబ్‌హౌస్ లోపలికి అడుగు పెట్టగానే టోపీ చేతిలోకి రావాలి. జీన్స్ గురించి అడగకండి.

ఆడవాళ్ల నియమాలు క్లబ్బుక్లబ్బుకీ ఇంకా ఎక్కువ మారతాయి. చేతుల్లేని టాప్‌కి కాలరుంటే చాలాచోట్ల చెల్లుతుంది. 2017లో ఆడవాళ్ల ప్రొఫెషనల్ పోటీలు నడిపే ఎల్‌పీజీఏ కాలరు లేని రేసర్‌బ్యాక్‌ల (వీపు మీద సన్నగా ఉండే చేతుల్లేని టాప్‌లు) మీద, పొట్టి స్కర్టుల మీద నియమాలు బిగిస్తే పెద్ద దుమారమే రేగింది. స్కర్టా ప్యాంటా అంటే ఇక్కడ మాత్రం నాకు పట్టింపు లేదు, పొడుగు సరిపోతే రెండూ సమానమే. లెగ్గింగ్స్ ఒక్కటే వేసుకుని వెళ్లకపోతే మంచిది.

ఫీజు ఇస్తాననాలా, ఊరుకోవాలా?

ఇందులో మూడు దారులున్నాయి. ఏమీ అనకుండా ఊరుకోవడం, కౌంటర్ దగ్గర పర్సు తీసి పట్టుబట్టడం, పిలిచిన రోజే ఒకసారి అడిగేయడం. మొదటిది మరీ మొరటుతనం. రెండోది మర్యాదలా కనబడుతుంది కానీ నా లెక్కలో అన్నిటికంటే ఇబ్బందికరం. చాలా ప్రైవేటు క్లబ్బుల్లో నగదు తీసుకోరు, ఫీజు దగ్గర్నుంచి కాఫీ దాకా అంతా మెంబర్ ఖాతాలో రాసుకుని ఆయన సంతకం తీసుకుంటారు. మీరు కార్డు చాచి "లేదు లేదు, నేనిస్తా" అంటుంటే కౌంటర్లో ఉన్న మనిషి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తాడు, వెనక క్యూలో ఇంకో మెంబర్ నిలబడి ఉంటాడు. పిలిచిన రోజే "గెస్ట్ ఫీజు నాది నేనిచ్చేస్తా" అని ఒక్కసారి అనండి. వద్దంటే అక్కడితో ఆపేయండి.

వద్దన్నాక ఊరికే ఉండమని కాదు. నగదు తీసుకోని క్లబ్బులో కూడా బ్యాగు మోసే క్యాడీకి మాత్రం మామూలుగా నగదే ఇస్తారు. కాబట్టి జేబులో చిన్న నోట్లు ఉంచుకోండి, మీ క్యాడీకే కాదు, హోస్ట్ క్యాడీకి కూడా మీరే ఇస్తానని అడగండి. చాలామంది ఫీజు దగ్గర ఒప్పుకోకపోయినా దీనికి ఒప్పుకుంటారు. ఎంతివ్వాలో క్యాడీని అడగొద్దు, హోస్ట్‌ని అడగండి. అసలు టిప్పులే వద్దనే క్లబ్బులూ ఉన్నాయి కాబట్టి ఆ సంగతీ అప్పుడే తేలిపోతుంది. ప్రో షాపులో కార్డు తీసుకుంటే క్లబ్బు గుర్తున్న టోపీయో, బంతుల డబ్బానో కొనుక్కోండి, అది అక్కడివాళ్లకి నచ్చే పని. మీకూ ఒక క్లబ్బు మెంబర్‌షిప్ ఉంటే ఎదురు పిలుపుని మించింది లేదు.

బంతి ఎత్తేయాలా, చివరిదాకా కొట్టాలా?

బట్టలన్నీ సరిగ్గా ఉండి కూడా గెస్ట్ హోస్ట్‌కి మాట తెచ్చేది ఆలస్యం దగ్గర. ఆట రాకపోవడం తప్పు కాదు, ఎవరూ పట్టించుకోరు. ఒక హోల్‌లో ఎనిమిది షాట్లు దాటాక కూడా పుట్ (బంతిని హోల్‌లోకి దొర్లించే చివరి షాట్) కోసం గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి) చుట్టూ ప్రదక్షిణ చేస్తే వెనక గుంపులోని మెంబర్లు పట్టించుకుంటారు. వాళ్లు చూసేది కూడా మిమ్మల్ని కాదు, మీ హోస్ట్‌ని. స్నేహపూర్వక ఆటలో ఆ హోల్ వదిలేసి బంతి ఎత్తేయడమే మేలు. హ్యాండీక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) పాడవుతుందన్న బెంగ కూడా అక్కర్లేదు. 2020లో మొదలైన వరల్డ్ హ్యాండీక్యాప్ సిస్టమ్‌లో ఒక హోల్‌కి నెట్ డబుల్ బోగీని (ఆ హోల్‌కి ఉండాల్సిన షాట్లు, మన హ్యాండీక్యాప్ ఇచ్చే షాట్లు, ఇంకో రెండు) మించి లెక్కలోకి రాదు. బంతి పోతే వెతకడానికి 2019 నుంచి నియమం ఇచ్చేది మూడే నిమిషాలు, గెస్ట్ అంతకంటే ముందే వదిలేస్తే ఇంకా మంచిది. బంకర్లో మీ అడుగులతో పాటు పక్కనున్న పాత అడుగు కూడా చదును చేయండి. గ్రీన్ మీద మీ బంతి చేసిన గుంటని గుంటలు పూడ్చే చిన్న ఫోర్క్‌తో అంచుల నుంచి లోపలికి నెట్టి పుటర్‌తో (పుట్ కొట్టే కర్రతో) అదమండి, అడుగునుంచి పైకి లేపితే గడ్డి వేళ్లు తెగుతాయి.

మెంబర్ వెంట ఆడటమా, ఆయన పరిచయం మీద ఆయన లేకుండా ఆడటమా అని కూడా కొందరు అడుగుతారు. మొదటిసారి ఆయన వెంటే వెళ్లండి.

బూట్లు పార్కింగ్‌లో డిక్కీ మీద కూర్చుని మార్చుకోవడం కొన్ని క్లబ్బులకి అస్సలు నచ్చదు, లాకర్ రూమ్ ఎక్కడో కనుక్కుని అక్కడే మార్చుకోండి. అరగంట ముందు చేరితే చాలు. మరీ ముందొస్తే మెంబర్ రాకముందు లోపల ఎక్కడ కూర్చోవాలో మీకూ తెలియదు, వాళ్లకీ తోచదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులో పడేయండి, మాట్లాడాలంటే కారు దాకా నడవండి. ఫొటోలు తీసినా ఎక్కడైనా పెట్టేముందు హోస్ట్‌ని అడగండి, అందులో వెనకాల నిలబడి ఉన్న మెంబర్ ఆ రోజు ఆఫీసులో ఉన్నానని చెప్పి వచ్చి ఉండొచ్చు.