నలుపు కోసం ప్రొజెక్టర్ మార్పు

బరంపురంలోని మా ఇంట్లో పాత డీఎల్‌పీ (చిన్న అద్దాల చిప్‌తో బొమ్మ వేసే) ప్రొజెక్టర్ స్థానంలో జేవీసీ డీఎల్‌ఏ-ఎన్‌జెడ్500 పెట్టించిన తరువాత, రాత్రి సన్నివేశాలలో నలుపు బూడిదరంగుగా కనిపించే బాధ చాలా వరకు తీరింది. డీఎల్‌పీ చిప్‌లోని చిన్న అద్దాల నుంచి చెదిరిన కాంతి కొంత ఎప్పుడూ తెరను చేరుతూనే ఉంటుంది. కొత్త జేవీసీలోని డి-ఐఎల్‌ఏ ప్యానెళ్లు (ద్రవ స్ఫటికాలతో బొమ్మ వేసే జేవీసీ చిప్‌లు) కాంతి ధ్రువణాన్ని, అంటే కాంతి తరంగాలు కంపించే దిశను, అదుపు చేసి అనవసరమైన వెలుగును ఆపుతాయి కనుక, సంస్థ ప్రకటించిన సహజ కాంట్రాస్ట్ (లేజర్‌ను తగ్గించకుండానే తెలుపు, నలుపుల వెలుగుల మధ్య వచ్చే నిష్పత్తి) 40,000:1 వరకు ఉంది. లేజర్ వెలుగు 2,000 ల్యూమెన్లు. మరీ పెద్ద తెర కోరేవారికి ఇది చాలదు. తెల్లని గోడలున్న గదిలో మాత్రం ఈ ఖర్చులో చాలా భాగం వృథా, ఎందుకంటే తెర మీది వెలుగే గోడలను తాకి తిరిగి వచ్చి, కాంతి ఎక్కువగా ఉన్న దృశ్యాలలోని నలుపును పలచబరుస్తుంది. తెరకు దగ్గరి గోడలకు, పైకప్పుకు ముదురు మ్యాట్ రంగు వేయించాకనే మాకు అసలు తేడా కనిపించింది.