పాడి గేదెల గుళికల దాణా: సంచి మీది అంకెలు, లోపలి సరుకు

గుంటూరు జిల్లాలో మా చుట్టుపక్కల ఊళ్లలో ప్రైవేటు డీలర్ల దగ్గర బాగా అమ్ముడుపోతున్న ఒక గుళికల దాణా గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. పశుసంవర్ధక శాఖకు నేనిచ్చిన ఫిర్యాదు ఇంకా విచారణలో ఉంది కాబట్టి తయారీ సంస్థ పేరు ఇక్కడ రాయడం న్యాయం కాదు. ఆ పేరు తెలియకపోయినా పాడి రైతుకు తెలియవలసింది ఒకటుంది: సంచి మీద అచ్చువేసిన అంకెలు అబద్ధమని తేలితే, అది సంచి మార్చి ఇస్తే తీరిపోయే లోపం కాదు, కోర్టులో తేలవలసిన నేరం.

ముందుగా మంచి చెప్పాలి. 50 కిలోల సంచిలో గుళికలు గట్టిగా, ఒకే తీరుగా ఉన్నాయి, అడుగున పొడి తక్కువ, మొలాసిస్ వాసన బాగుంది, గేదెలు తొట్టి మిగలకుండా తిన్నాయి. సంచి మీద ముడి ప్రోటీన్ కనీసం 20 శాతం, కొవ్వు కనీసం 2.5, పీచు గరిష్ఠంగా 12, ఆమ్లంలో కరగని బూడిద (ఇసుక, సిలికా లాంటి అరగని పదార్థం) గరిష్ఠంగా 4 శాతం అని ఉంది. పశువుల దాణాకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 2052 పేరు కూడా ఉంది. యూరియా కలిపినట్టు ఎక్కడా లేదు.

కొన్ని వారాలకే పూటకు వచ్చే పాలు తగ్గాయి, పాల కేంద్రంలో ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థాలు) పడిపోయింది. మేత మారలేదు, జబ్బేమీ లేదని పశువైద్యులు చెప్పారు. దాణాను పరీక్షకు ఇస్తే ప్రోటీన్ 20 శాతమే వచ్చింది, కానీ పీచు 17, ఆమ్లంలో కరగని బూడిద 7, యూరియా 2 శాతం అని నివేదికలో ఉంది. మొదటి అంకె ఒక్కటే చూసిన వారు దాణా బాగానే ఉందని అనుకుంటారు. మోసం ఉన్నది అక్కడే. ప్రయోగశాల ప్రోటీన్‌ను నేరుగా కొలవదు. దాణాలోని నత్రజనిని కొలిచి దాన్ని 6.25తో గుణిస్తుంది. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కనుక కిలో యూరియా ఆ లెక్కలో దాదాపు 2.9 కిలోల ప్రోటీన్‌గా కనిపిస్తుంది. ఆ వాటా తీసేస్తే ఈ దాణాలో నిజమైన ప్రోటీన్ 14 శాతానికి కాస్త పైన మాత్రమే. పీచు, బూడిద కలిసి పెరగడం చూస్తే, రైసు మిల్లుల దగ్గర చవకగా దొరికే ఊకను పొడిచేసి కలిపారని నా అనుమానం, ఎందుకంటే ఊక బూడిదలో అధిక భాగం సిలికానే. పెద్ద పశువు పొట్టలోని సూక్ష్మజీవులు కొంత యూరియాను వాడుకోగలవు గానీ, పొట్ట ఇంకా ఎదగని దూడకు అది విషమే కావచ్చు. సంచి మీద ఆ మాట లేకపోతే దూడకు పెట్టకూడదని రైతుకు ఎలా తెలుస్తుంది?

డీలరు మర్యాదగానే మాట్లాడారు. మిగిలిన సంచులు వెనక్కి తీసుకుంటామని, తర్వాతి లోడులో ధర తగ్గిస్తామని కంపెనీ ప్రతినిధి చెప్పారు. నేను ఒప్పుకోలేదు. నాకు సంచి మార్చినంత మాత్రాన అదే బ్యాచ్ కొన్న పక్క ఊరి రైతుకు ఒరిగేదేమీ లేదు. పైగా ఇలాంటి సర్దుబాట్ల ఖర్చును ముందే ధరలో వేసుకునే కంపెనీకి ఊక కలపడం లాభంగానే మిగులుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పశువుల దాణా తయారీ, నాణ్యత, అమ్మకాలను నియంత్రించేందుకు 2020లో ప్రత్యేక చట్టం వచ్చింది. చట్టం మంచిదే, కానీ కేసు నిలబడేది నమూనా మీద. మనం విప్పిన సంచిలోంచి తీసుకెళ్లిన నమూనా మనకు నిజం చెబుతుంది గానీ, ఆ తర్వాత మీరే ఏదో కలిపారని కంపెనీ న్యాయవాది అంటే జవాబు చెప్పడం కష్టం. అందుకే అదే బ్యాచ్‌లో కుట్టు విప్పని సంచి నుంచి, డీలరు ఎదుటే, అధికారి నమూనా తీసి సీలు వేయాలని లిఖితపూర్వకంగా కోరాను. బిల్లు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉన్న సంచి ముక్క నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వినియోగదారుల కమిషన్‌లో నష్టపరిహారం అడగవచ్చు, అడుగుతాను కూడా, కానీ అది నా పాల నష్టానికి మాత్రమే.

ఇలాంటి కేసులు నిలబడవని నిరుత్సాహపరిచేవారికి ఒక ఉదాహరణ చెబుతాను. 2007లో అమెరికాలో ఇదే నత్రజని కిటుకుతో, గోధుమ ప్రోటీన్ అనే పేరుతో మెలమిన్ అనే నత్రజని ఎక్కువగా ఉన్న పారిశ్రామిక రసాయనం కలిపిన సరుకు పెంపుడు జంతువుల ఆహారంలోకి, ఆ ఆహారపు వ్యర్థాల ద్వారా పందుల, కోళ్ల దాణాలోకి కూడా చేరింది. 2008లో రెండు చైనా సంస్థల మీద, సరుకు దిగుమతి చేసుకున్న అమెరికా సంస్థ మీద, దాని యజమానుల మీద అక్కడి ఫెడరల్ అధికారులు నేరారోపణ చేశారు. 2009లో దిగుమతి సంస్థ, దాని యజమానులు నేరం ఒప్పుకున్నారు.

ఈ దాణాను నేను ఎవరికీ సిఫారసు చేయను. ప్రస్తుతం మొక్కజొన్న, పత్తి చెక్క, తవుడు, మినరల్ మిక్స్చర్ కొని ఇంట్లోనే కలుపుతున్నాను. శ్రమ ఎక్కువే అయినా తొట్టిలో ఏం పడుతోందో తెలుస్తోంది. ఇదే రకం గుళికలు వాడుతూ పాలు తగ్గిన రైతులు పరీక్షకు ఇచ్చేటప్పుడు ప్రోటీన్‌తో పాటు యూరియా, పీచు, ఆమ్లంలో కరగని బూడిద కూడా తప్పకుండా రాయించండి, నివేదిక రాగానే మండల పశువైద్యాధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి.