నల్లగొండల పిల్లలతోని మాయల కథలు రాయించే సమ్మర్ క్లాసు: మా బిడ్డని పంపినంక నా రివ్యూ

ఎండకాలం సెలవులల్ల పిల్లల్ని ఫోన్ కాడికెల్లి ఎట్ల లేపాలె అని మా కాలనీ వాట్సాప్ గ్రూపుల ఒకామె అడిగితే ఇంకొకామె ఈ క్లాసు సంగతి చెప్పింది. గడియారం సెంటర్ నుంచి నడుసుకుంట పోవచ్చు, రిటైరైన తెలుగు సార్ ఒకాయన వాళ్లింటి మేడ మీద పెట్టిండ్రు, పది రోజులు, పొద్దుగాల రెండు గంటలు, ఫీజు 1200. మా బిడ్డ ఐదు అయిపోయి ఆరుకి పోతది, పుస్తకాలు మస్తు చదువుతది గానీ రాయమంటే నాలుగు లైన్లకే ఆగిపోతది, అందుకే పంపిన.

మొదటి రోజు ఇంటికొచ్చినంక నోట్‌బుక్ తెరిస్తే కథ లేదు, మ్యాప్ ఉంది. లతీఫ్ సాబ్ గుట్ట, దాని మెట్లు, పానగల్లు, ఉదయసముద్రం చెరువు, చెరువు కట్ట మీద ఒక తాటిచెట్టు. సార్ అన్నరంట, "మీ మాయలోకం ఏడుందో ముందుగాల గియ్యుండ్రి, దారి తెల్వకుంటే మీ హీరో ఏడికని పోతడు?" అని. సగం మంది పిల్లలు మంచు కోటలు, డ్రాగన్లు గీసిండ్రంట. సార్ వాళ్లను ఏమనలే, మంచుల నడుస్తుంటే కాళ్లకు ఎట్లుంటదో రాయమన్నరు, ఎవ్వరికీ రెండు లైన్లు దాటలే. తర్వాత మధ్యాహ్నం రెండు గంటలకు గుట్ట బండ మీద చెప్పుల్లేకుండ నడిస్తే ఎట్లుంటదో రాయమన్నరు, అందరికీ అరపేజీ వచ్చింది. ఈ ఒక్క ముచ్చట విన్నంకనే నాకు ఆ సార్ మీద నమ్మకం కుదిరింది.

ఆదివారం అందర్నీ ఆటోలల్ల పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీస్కపోయిండ్రు. తెలిసినోళ్లకు తెలుసు, ఆడ గర్భగుడిల లింగం మీద ఒక స్తంభం నీడ పొద్దంత కదలకుండ ఉంటది, మూడు గర్భగుళ్లున్న గుడి అది, ఈ దిక్కును ఏలిన కుందూరు చోడుల కాలం నాటిది. బయటి వెలుతురు పక్కలకెల్లి లోపలికి పడేతీరు, దానికి అడ్డం స్తంభాలు నిలబెట్టిన తీరు వల్లనే ఆ నీడ అట్ల నిలుస్తదని సార్ పిల్లలకు ఆడనే నిలబెట్టి చెప్పిండ్రు. చెప్పినంక అడిగిండ్రంట, "రేపు పొద్దుగాల వచ్చి చూస్తే ఆ నీడ లేదనుకో, ఎవరు తీస్కపోయినట్టు?" మా బిడ్డ కథ ఆ ప్రశ్నకెల్లే పుట్టింది.

ఆ కథల పిల్ల పోయిన నీడను దేవులాడుకుంట పోతది. ఆమెకు ఒక మాయ ఉంది, ఏ నీడలనైనా దాక్కోవచ్చు, కానీ దాక్కున్నప్పుడల్లా తనకు కావాల్సినోళ్లల్ల ఒకరి పేరు మర్చిపోతది. మాయకు ఖర్చుండాలె అనేది సార్ పెట్టిన రూల్, ఫ్రీగ దొరికే మాయతోని కథ నడ్వదంటరు. రూల్ ఒకసారి పెట్టినంక మధ్యల మార్చొద్దు, మాంత్రికుడి ప్రాణం చిలుకల ఉందంటే చివరిదాక చిలుకలనే ఉండాలె, హీరో చిలుకను పట్టుకున్నంక "కాదు, ఇంకో ప్రాణం తాబేలుల ఉంది" అంటే వినే పిల్లలు లేసి పోతరు. ఇంకోటి, పెద్దోళ్లు వచ్చి కాపాడొద్దు. చిక్కుల పడ్డది పిల్లే, బయటపడాల్సింది కూడ పిల్లే.

ఒకరోజు రాత్రి నేను బియ్యం కడుగుతుంటే పక్కన నిలబడి మూడో భాగం చదివి వినిపిచ్చింది. దోస్తు పేరు పోయింది, మేనమామ పేరు పోయింది, ఇగ అమ్మ పేరు, నాయినమ్మ పేరు మిగిలినయి, అంతల రాక్షసుడు గుడి గడప దాటిండు. ఆడ ఆపేసింది. తర్వాతేమైందే అంటే రేపు అంటది. ఎక్కడ ఆపితే ఎదుటోళ్లకు నిద్ర పట్టదో ఆడ ఆపాలని అది కూడ క్లాసుల నేర్పిందే, నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి, నాలుగు లైన్ల కాడ ఆగిపోయే పిల్ల ఇది.

హాలియా దిక్కు నుంచి వచ్చిన ఒక పిల్లగాడు సాగర్ నీళ్ల కింద ఊరు మీద రాసిండు. డ్యామ్ నీళ్లు నిండకముందు 1954 నుంచి 1960 దాక నాగార్జునకొండ లోయల తవ్వకాలు చేసి దొరికినయల్ల మస్తుమటుకు కొండ మీదికి చేర్చిండ్రు, ఇప్పుడు మనం లాంచిల పోయి చూసే మ్యూజియం అదే, ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉన్న లోయంతా మునిగింది. ఆ పిల్లగాడి కథల నీళ్ల కింద ఇంక బడి గంట కొడ్తనే ఉంటదంట. వేరే కథలు కూడ విన్న గానీ నాకు ఇదే మనసుల ఉండిపోయింది.

ఇగ బాగలేని ముచ్చట్లు. బ్యాచ్‌ల 26 మంది, సార్‌కు సాయంగ ఒకే ఒక్క మేడం. ఏడేండ్లోళ్లు, పదమూడేండ్లోళ్లు ఒక్కకాడనే కూసుంటే చిన్నోళ్లు భయపడే కథలొస్తయి, పెద్దోళ్లకు విసుగొస్తది. చదివి వినిపిచ్చే వంతు ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు కూడ రాలే. రేకుల షెడ్డు, తొమ్మిదింటికే వేడి.

అన్నిటికంటె బాధ పెట్టింది పిల్లల కథలు అచ్చేసి ఆఖరికి ఇచ్చిన పుస్తకం, దానికి వేరేగ 300 తీసుకున్నరు. మా బిడ్డ "గుట్ట మీదికి ఉరికింది" అని రాస్తే అచ్చుల "కొండపైకి పరుగెత్తెను" అని వచ్చింది, "నాయినమ్మ కొంగు పట్టుకుంది" అన్నది "నానమ్మ పైట చెంగును పట్టుకొనెను" అయింది. అది చదివి "అమ్మా, ఇది నాది కాదు" అన్నది. పదేండ్ల పిల్ల ఇంట్ల మాట్లాడే భాషల రాసుకున్నదాన్ని ఎవరడిగిండ్రు మార్చమని? నేను పోయి సార్‌ని అడిగితే ఆయనకే తెల్వదు, టైపు చేసినాయన తనకు తోచినట్టు సరిచేసిండట. సార్ నోట్‌బుక్ ముందట పెట్టుకొని లైను లైను చూసిండ్రు, 14 చోట్ల తేలినయి. "తప్పు నాదేనమ్మా, అచ్చుకు పోయేముందు నేను చూడాల్సింది" అని, ఆ పేజీలు మళ్ల ప్రింట్ చేయించి రెండు వారాలల్ల ఇంటికే పంపిండ్రు.

దసరా సెలవులల్ల మళ్ల బ్యాచ్ ఉందంట, 15 మందికి మించి తీసుకోం అని, చిన్నోళ్లకు వేరే టైం పెడ్తమని చెప్పిండ్రు. పంపాలనుకునేటోళ్లు ఈ రెండు ముచ్చట్లు ముందుగాల అడిగి ఫీజు కట్టుండ్రి, పుస్తకం అచ్చు కాకముందు ఒకసారి చూపెట్టమని కూడ అడగుండ్రి. మేమైతే పేరు రాయించినం. నీడ కథ ఇంక అయిపోలే, మా అత్తమ్మ రోజు పండుకునేముందు "నా పేరు యాదికుందా పిల్లకు?" అని అడుగుతనే ఉంది, ఇది చెప్తలేదు.