స్టూడెంట్లకు ఫర్నిష్డ్ ఫ్లాట్: ఆరేళ్ల వాడకంలో నిలిచినవి, పోయినవి

గచ్చిబౌలిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ట్రిపుల్ ఐటీలో చదివే పిల్లలకు, ఒక్కో బ్యాచ్‌లో నలుగురికి, సామానుతో సహా ఆరేళ్లుగా అద్దెకిస్తున్నది. ఇవ్వాలనుకునే వాళ్లకు ముందే చెప్పే మాట: సామాను తక్కువ పెట్టండి, పెట్టినది గట్టిది పెట్టండి. సోఫా దండగ, దాని మీద ఎప్పుడూ ఉతికిన బట్టలే. అదే చోట పొడవాటి బల్ల, నాలుగు కుర్చీలు వేస్తే రోజూ వాడతారు.

పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) మంచాలు రెండేళ్లకే పోయాయి. స్క్రూ దిగిన చోట పొడి రాలుతుంది, ఒకసారి వదులైతే మళ్లీ బిగుసుకోదు. ఇప్పుడున్నవి 72 బై 36 అంగుళాల ఇనప మంచాలు, పైన 12 ఎం.ఎం. ప్లైవుడ్. ఇవి కదల్లేదు. అయితే గొట్టాల కొసలకు ప్లాస్టిక్ మూతలు తప్పనిసరి. లేకపోతే నల్లులు గొట్టం లోపలే కాపురం పెడతాయి, పైపైన కొట్టిన మందు వాటిని తాకదు. మందు ఒక్కసారి కొట్టించి వదిలేయడం అందరూ చేసే పొరపాటు. గుడ్లు చావవు కాబట్టి రెండు వారాలకు మళ్లీ కొట్టించాలి. పరుపులకు చుట్టూ జిప్పున్న కవర్లు వేయండి.

ఎక్కువ ఖర్చు పెట్టించేది బోరునీళ్లు. గీజర్ ఎలిమెంట్ మీద తెల్లగా పెచ్చు కట్టి నీళ్లు వేడెక్కడం ఆలస్యమవుతుంది. ఏడాదికోసారి విప్పించి పెచ్చు తీయించండి, లోపలి మెగ్నీషియం రాడ్ సగానికి పైగా కరిగితే మార్పించండి. ఆ రాడ్ అయిపోయాక తుప్పు ట్యాంకుకే పడుతుంది, ట్యాంకు కారితే కొత్త గీజరే గతి. వాషింగ్ మెషిన్‌లోకి నీళ్లు సరిగా రావట్లేదంటే మెకానిక్‌ను పిలవకండి. నల్లా కట్టేసి, వెనక పైపు విప్పి, లోపలి చిన్న జాలీని పట్టకారుతో లాగి పాత బ్రష్‌తో రుద్దితే చాలు. సింకు కింద అల్మారాకు మాత్రం ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీళ్లకు తట్టుకునే ప్లైవుడ్డే వాడాలి. ఐఎస్ 303 ఎంఆర్ ముద్ర ఉన్న మామూలు రకం తడికి పొరలు విడిపోతుంది.

2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల ప్లగ్గులో పెడితే సాకెట్ నల్లబడుతుంది, ఎక్స్‌టెన్షన్ బాక్సయితే కరుగుతుంది. వంటగట్టు మీద 16 ఆంపియర్ల పాయింట్లు రెండు వేయించాకే తాళాలివ్వండి. ఇక్కడ కక్కుర్తి పడొద్దు.

కరెంటు బిల్లు దగ్గరే పిల్లల్లో పేచీలు. తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే ఎక్కువ రేటు పడుతుంది. అందుకే ఒక్కో ఏసీకి విడి సబ్ మీటర్ పెట్టించడం మేలు, ఏ గదిలో కాలింది ఆ గదివాళ్లే కడతారు.

11 నెలల ఒప్పందాన్ని ఆగస్టు 1న మొదలుపెడితే జూన్ ఆఖరుకు ముగుస్తుంది, జులై రంగులకూ రిపేర్లకూ మిగులుతుంది. నలుగురి సంతకాలూ ఒకే కాగితం మీద ఉండాలి. లేకపోతే మధ్యలో ఒకరు వెళ్లిపోయినప్పుడు ఆ వాటా ఎవరు కట్టాలో తేలదు. తాళాలిచ్చే రోజు ప్రతి వస్తువునూ, పరుపుల అడుగువైపు కూడా, పిల్లల ముందే వీడియో తీసి వాళ్ల ఫోన్లకూ పంపండి. అడ్వాన్సులోంచి పట్టుకునేది విరిగినదానికే. అరిగినదానికి పట్టుకుంటే అన్యాయం, వచ్చే బ్యాచ్‌ను పంపేది ఈ పిల్లలే.