చిత్తూరు నాగయ్య ఊళ్ళో ఒక రాత్రి, ఒక పూట

చిత్తూరులో ఒక్క రాత్రి బసకు మేము చెల్లించినది 2,426 రూపాయలు. ఫోనులో ఒప్పుకున్న అద్దె 1,400. మిగిలిన 1,026 రూపాయలు ఎలా పోయాయో వివరంగా రాయాలనే ఈ అనుభవాన్ని రాస్తున్నాను. డెబ్బై ఎనిమిదేళ్ళ మా నాన్నగారి వంటి పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఆ ఊరికి వెళ్ళేవారు ముందే తెలుసుకుని వెళ్ళడం మంచిది. అంకెలన్నీ నాన్నగారి చేతిపుస్తకంలోవి. ముప్ఫై నాలుగేళ్ళు బడిపంతులుగా పనిచేసిన ఆయన ఏ ప్రయాణంలోనైనా టీ ఖర్చు కూడా ఆ పుస్తకంలో రాసుకుంటారు, రసీదు ఇస్తే పేజీకి అంటిస్తారు.

నాన్నగారిది రేపల్లె పక్క పల్లెటూరు. పాతతరం సినిమా నటుడు, గాయకుడు, దర్శకుడు చిత్తూరు నాగయ్యగారు పుట్టింది రేపల్లెలోనే, 1904 మార్చి 28న. "మా రేపల్లె బిడ్డ పేరుకు ముందు చిత్తూరు వచ్చి చేరింది. ఆ ఊరు ఆయనకు ఏమిచ్చిందో ఒకసారి చూడాలిరా" అని ఆయన నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నారు. ఈసారి తిరుమల దర్శనానికి 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ టిక్కెట్లు దొరకడంతో, మొక్కు తీరిన మర్నాడు చిత్తూరు వెళ్ళాలని నిశ్చయించుకున్నాం. మా పద్నాలుగేళ్ళ అబ్బాయికి తలకోన జలపాతం చూడాలని ఉండేది. వాడి మాట చెల్లకపోవడంతో రెండు రోజులూ ముఖం ముడుచుకునే ఉన్నాడు.

తిరుమలలో అన్నీ సజావుగా జరిగాయి. క్యూలో కూర్చున్నప్పుడు కూడా నాన్నగారి ధ్యాస సినిమా వారి మీదనే ఉంది. నాగయ్యగారిని 'వందేమాతరం'తో కథానాయకుణ్ణి చేసిన బి.ఎన్.రెడ్డిగారి తమ్ముడు నాగిరెడ్డిగారే 1980ల ఆరంభంలో దేవస్థానం పాలకమండలి అధ్యక్షులుగా పనిచేశారని పక్కన కూర్చున్న వరంగల్ దంపతులకు చెప్పారు. తన ఎదుట అడ్డుగా ఉన్న తెర తొలగాలని త్యాగరాజస్వామి ఇదే కొండ మీద గౌళిపంతు రాగంలో కీర్తన పాడిన కథ కూడా వాళ్ళకు వినిపించారు.

మర్నాడు చంద్రగిరి కోట చూసుకుని తిరిగి వచ్చి, సాయంత్రం తిరుపతిలో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. డెబ్బై కిలోమీటర్ల ప్రయాణానికి నాకూ అబ్బాయికీ చెరి 120 రూపాయలు, వృద్ధుల రాయితీతో నాన్నగారికి 90. బస్సు మీద ఫిర్యాదేమీ లేదు.

బస దగ్గరే మోసం జరిగింది. నాలుగు రోజుల ముందే ఒక లాడ్జికి ఫోను చేసి, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులున్నాయి కనుక కింది అంతస్తులోనే ఏసీ గది కావాలని రెండుసార్లు చెప్పి, 700 రూపాయలు బయానాగా ఫోనులోనే పంపించాను. గది ఇరవైనాలుగు గంటలకు అని కూడా వారే చెప్పారు. సాయంత్రం ఆరున్నరకు వెళ్ళేసరికి కౌంటరులోని మనిషి తలెత్తకుండానే మూడో అంతస్తు తాళంచెవి మా ముందుకు తోశాడు. కింది గదులన్నీ పెళ్ళివాళ్ళకు ఇచ్చేశామన్నాడు. లిఫ్టు తలుపుకు అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ పెట్టి ఉంది, చెడిపోయి వారమైందట. ఆ మాట ఫోనులో ఎందుకు చెప్పలేదని అడిగితే "మీరు అడగలేదు కదా సార్" అన్నాడు. ఆ రాత్రి ఆ ఊళ్ళో పెళ్ళిళ్ళు నిజంగానే ఎక్కువ. ఫోను చేసిన మరో మూడు చోట్ల గదులు లేవన్నారు. నాన్నగారు కమ్మీ పట్టుకుని, ఒక్కొక్క మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడుతూ, యాభై నాలుగు మెట్లు ఎక్కారు. అబ్బాయి ఫోను జేబులో పెట్టి తాతయ్య నడుము పట్టుకుని వెనకాల నడిచాడు.

పైకి వెళ్ళాక తెలిసిందేమిటంటే, ఏసీ రిమోటు కావాలంటే విడిగా 400 కట్టాలి. వేడినీళ్ళు బకెట్టుకు 30. మర్నాడు పొద్దున తొమ్మిదింటికల్లా ఖాళీ చేయకపోతే రెండో రోజు అద్దె పడుతుంది. లెక్క కట్టించేటప్పుడు గదికి 1,400, ఏసీకి 400, పన్ను పేరుతో 216, రెండు బకెట్ల నీళ్ళకు 60, మొత్తం 2,076 అన్నాడు. నేను పంపిన 700 బుకింగ్ ఛార్జీ అనీ, అది ఇందులో కలవదనీ వాదించాడు. డబ్బు పంపినప్పటి సందేశం చూపించి గట్టిగా అడిగాక 350 తగ్గించి 1,726 తీసుకున్నాడు. పన్ను వసూలు చేశారు కదా, బిల్లు ఇవ్వమంటే యంత్రం పనిచేయడం లేదన్నాడు. డబ్బు పోయినందుకు నాకు అంత బాధ లేదు. ఆ మెట్ల మీద నాన్నగారి ఊపిరి చప్పుడు మాత్రం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చిత్తూరులో బస చేయదలచుకున్నవారు బయానా పంపే ముందు గది ఏ అంతస్తులో ఉందో, లిఫ్టు నడుస్తున్నదో లేదో, ఖాళీ చేయవలసిన వేళ ఏమిటో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. అన్నిటికన్నా మేలు, తిరుపతిలోనే బస ఉంచుకుని పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్ళడం.

ఆ రాత్రి మోకాలు సలపడం వల్ల నాన్నగారికి నిద్ర పట్టలేదు. గోడకు ఆనుకుని, తువ్వాలు తడిపి మోకాలికి చుట్టుకుని, నాగయ్యగారి సంగతులు చెప్పడం మొదలుపెట్టారు. చిత్తూరులో రామవిలాస సభ నాటకాల్లో ఆడవేషాలు కూడా కట్టి, పాడి పేరు తెచ్చుకున్న ఆ యువకుడు ఆఫీసులో గుమాస్తాగానూ, పత్రికలోనూ పనిచేసి, 1938లో హెచ్.ఎం.రెడ్డిగారి 'గృహలక్ష్మి'తో తెరకెక్కాడు. మరుసటి ఏడాది వాహినీ వారి 'వందేమాతరం', ఆ పైన 'సుమంగళి', 'దేవత', 'స్వర్గసీమ'లు బి.ఎన్.రెడ్డిగారి దర్శకత్వంలో వచ్చాయి. 'పోతన', 'యోగి వేమన'లు కె.వి.రెడ్డిగారివి. ఆ ఇద్దరి ముందూ నటుడిగా నిలబడి, అవే చిత్రాల్లో పాటలకు బాణీలు కూడా కూర్చిన మనిషికి దర్శకత్వం వేరే బడిలో నేర్చుకోవలసిన విద్య కాదని నాన్నగారి వాదన.

ఆయన చెప్పినదాంట్లో నా మనసుకు హత్తుకున్నది 'త్యాగయ్య' ముచ్చట. 1946లో వచ్చిన ఆ చిత్రానికి నిర్మాత, దర్శకుడు, సంగీత దర్శకుడు, కథానాయకుడు అన్నీ నాగయ్యగారే. సొంతంగా పెట్టుకున్న సంస్థ పేరు రేణుకా ఫిలిమ్స్. నాన్నగారు దాన్ని పదేళ్ళ వయసులో టూరింగ్ టాకీసులో, నేల టిక్కెట్టు మీద ఇసుకలో కూర్చుని చూశారు. "మిగతా వాళ్ళు కథ ఆపి పాట పెడతారు. ఈయన సినిమాలో త్యాగరాజుకు కష్టమొస్తే ఆ కష్టమే కీర్తన అవుతుంది. పాట అయ్యేవరకు కెమెరా ఎటూ తొందరపడదు. పాడేవాడి ముఖం చాలునని నమ్మిన దర్శకుడు ఆయన" అన్నారు. పాడుతున్నదీ, నటిస్తున్నదీ, ఎక్కడ కట్ చెప్పాలో నిర్ణయిస్తున్నదీ ఒకే మనిషి కావడం వల్లనే అది సాధ్యమయిందని నాకు అనిపించింది.

ఆ తరువాతి కథ చెప్పేటప్పుడు నాన్నగారి గొంతు తగ్గింది. 1953లో 'నా ఇల్లు' తీశారు. 'రామదాసు' తీయడానికి ఏళ్ళు పట్టి 1964లో విడుదలయింది. తాను పదిహేడేళ్ళ వయసులో తెనాలిలో ఆ సినిమా చూశాననీ, తెర మీద నాగయ్యగారి ముఖంలో కనిపించిన అలసట ఖైదులోని రామదాసుదో, సినిమా పూర్తి చేయడానికి అప్పులపాలైన మనిషిదో ఆ రోజు పోల్చుకోలేకపోయాననీ అన్నారు. సంపాదించినన్నాళ్ళూ ఇంటికి వచ్చినవారికి అన్నం పెట్టారు, అడిగినవారికి లేదనకుండా ఇచ్చారు. 1965లో పద్మశ్రీ వచ్చింది గానీ చేతిలో డబ్బు నిలవలేదు. చివరి రోజుల్లో చిన్న వేషాలు కూడా ఒప్పుకుని, 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు. ఇదంతా చెప్పి నాన్నగారు చాలాసేపు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు. అబ్బాయి నిద్రపోయాడనుకున్నాం. "ఆయన దగ్గర తిన్నవాళ్ళు తిరిగి ఏమీ ఇవ్వలేదా తాతయ్యా?" అని చీకట్లోంచి అడిగాడు. ఆ ప్రశ్నకు నాన్నగారు జవాబు చెప్పలేదు.

పొద్దున తొమ్మిదింటికి ముందే గది ఖాళీ చేసి, 80 రూపాయల ఆటోలో, నాగయ్యగారి పేరుతో ఉన్న ప్రదర్శనశాల నాగయ్య కళాక్షేత్రానికి వెళ్ళాం. ఆ రోజు కార్యక్రమమేదీ లేకపోవడంతో తలుపులు వేసి ఉన్నాయి. ఊడుస్తున్న పెద్దమనిషి చీపురు పక్కన పెట్టి "యావూరు సామీ మీది?" అని అడిగాడు. రేపల్లె అనీ, నాగయ్యగారు పుట్టిన ఊరనీ చెప్పేసరికి ఆయన నాన్నగారి కాళ్ళ వైపు ఒకసారి చూసి, "మెట్లెక్కొద్దండి, పక్కన దోవుంది" అని తానే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళాడు.

నాన్నగారు చెప్పులు విడిచి వేదిక మీదికి వెళ్ళారు. ఎదుట ఖాళీ కుర్చీల వరసలు, వెలుగు రెండు కిటికీల నుంచి మాత్రమే పడుతోంది. పోతనగారి పద్యం ఒకటి ఎత్తుకున్నారు. రెండో పాదం దగ్గర గొంతు జీరపోయింది. ఆగి, గుక్క మింగి, మళ్ళీ మొదటి నుంచి పాడారు. కుడిచెయ్యి తొడ మీద తాళం వేస్తోంది, ఎడమచెయ్యి నొప్పి ఉన్న మోకాలిని పట్టుకుని ఉంది. పద్యం పూర్తయ్యేవరకు ఆ పెద్దమనిషి గోడవార కదలకుండా నిలబడ్డాడు. నేను 100 రూపాయలు ఇవ్వబోతే "పాడినందుకు మేమియ్యాల గదా" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మధ్యాహ్నం బస్టాండు దగ్గర సందులో ఒక మెస్సులో తిన్న భోజనం గురించి తప్పక చెప్పాలి. పట్నాల్లోని హోటళ్ళలో రాయలసీమ రుచులని పేరు పెట్టి అమ్మే సంగటికీ దీనికీ పోలిక లేదు. ఆవిరి చిమ్ముతున్న రాగిసంగటి ముద్దను చేత్తో గుంట చేసి అందులో నెయ్యి పోశారు. నాన్నగారికి పులగూర, ఊరిబిండితో 80 రూపాయలు. నాకూ అబ్బాయికీ నాటుకోడి పులుసుతో చెరి 160. ఊరిబిండిలో శెనక్కాయలు నోటికి తగిలేంత బరకగా ఉన్నాయి, చింతపండు పులుపు చివర్లో మాత్రమే తెలిసింది. రెండో ముద్దకు డబ్బు తీసుకోలేదు. వడ్డిస్తున్న ఆవిడను నాన్నగారు నాగయ్యగారి గురించి అడిగారు. "మా అవ్వ చెప్పేది సార్, ఆయప్ప నాటకంలో పాడతా ఉంటే వానొచ్చినా ఎవురూ లేచేవాళ్ళు కాదంట" అంది. నాన్నగారు ఆ మాటను అక్కడే, సంగటి అంటిన వేళ్ళు తుడుచుకుని పుస్తకంలో రాసుకున్నారు.

తిరుపతిలో ఆ రాత్రి రైల్వేస్టేషను దగ్గర కింది అంతస్తు గది 1,100కు దొరికింది, అడగకుండానే రసీదు ఇచ్చారు. నాన్నగారి మోకాలి వాపు తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది. ఇంటికి వచ్చాక ఖర్చులు కూడటానికి ఆ చేతిపుస్తకం తీశాను. చిత్తూరు పేజీలో మొదట "లాడ్జి 2,426, బిల్లు ఇవ్వలేదు" అని ఉంది. దాని కింద "ఆటో 80", "భోజనం 400". ఆ రెండింటి మధ్య, తరువాత ఇరికించి రాసినట్టు చిన్న అక్షరాల్లో, "నాగయ్య కళాక్షేత్రం. రుసుము లేదు. పాడాను" అని ఉంది.